అరవై డిగ్రీల దగ్గర

మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ ఆ కారు ఊసెత్తరు. ఎత్తినా ఎక్కడ మొదలుపెట్టాలో వాళ్లకి తెలియదు. నాకు తెలుసు. కీర్తి ఆ కారులో మొదటిసారి కూర్చున్న రోజున మొదలుపెట్టాలి. దాన్ని కూర్చోబెట్టింది నేనే.

కీర్తిప్రియ మా బుచ్చిరాజు బాబాయిగారి అమ్మాయి. వాళ్లిల్లూ మా ఇల్లూ పక్కపక్కనే. నేను ఇంజనీరింగ్ మూడో ఏడు, అది అదే కాలేజీలో రెండో ఏడు. మా జట్టు కడుతున్న సోలార్ కారుకి డ్రైవర్ కావాల్సి వచ్చింది. మనిషి ఎంత తేలిగ్గా ఉంటే అంత మంచిది. మగపిల్లలందరూ ఒక్కొక్కరే ఎక్కి చూశారు. భీమవరం బిర్యానీల పుణ్యమా అని ఒక్కడికీ ఆ సీటు పట్టలేదు. కెప్టెన్ హర్ష అయితే ఎక్కాక దిగలేక పావుగంట తంటాలు పడ్డాడు. నలభై రెండు కిలోల కీర్తి మాత్రం అలా జారి కూర్చుని, "అక్కా, నా కొలతలు తీసుకుని కుట్టించినట్టుందే" అంది.

వాళ్లమ్మ సత్యశ్రీ పిన్నిగారు ససేమిరా ఒప్పుకోలేదు. నేనే వెళ్లి బతిమాలాను.

"రోడ్డు మీద లారీల మధ్య దాన్నెందుకు పంపుతారమ్మా?" అన్నారు ఆవిడ.

"వెనకాలే వ్యానులో నేనుంటానండీ. కారులో బ్యాటరీ పని మొత్తం నాదే. దాన్ని నేను చూసుకోనా?"

"నువ్వుంటానంటే సరే. నీ మాట మీదే పంపుతున్నా" అన్నారు. ఆ మాట అప్పుడు నాకు గొప్పగా అనిపించింది.

పోటీ విశాఖపట్నం నుంచి చెన్నై దాకా, నాలుగు రోజులు, ఎనిమిది వందల కిలోమీటర్లు. మే నెలాఖరున మొదలు. అయితే అంతకుముందే, మే పదిహేనులోగా, కారు ఎక్కడా ఆగకుండా వంద కిలోమీటర్లు నడిచినట్టు వీడియో పంపాలి. మధ్యలో ఒక్కసారి ఆగినా లెక్కలోకి రాదు. వేసవి సెలవలకి కాలేజీ వర్క్‌షాపుకి తాళం వేశారు. అప్పుడు మా నాన్నగారు, శ్రీనివాసరాజు గారు, రొయ్యల చెరువుల దగ్గర మేత బస్తాలు పెట్టుకునే షెడ్డు మాకు ఖాళీ చేసి ఇచ్చారు. బస్తాలు పోయినా వాసన పోలేదు. ఆ నెల రోజులూ మా బట్టలకీ, జుట్టుకీ, చివరికి తినే ఇడ్లీలకీ రొయ్యల మేత వాసనే.

కారంటే కారులా ఉండేది కాదు. మూడు చక్రాల మీద బల్లపరుపుగా సోలార్ పలకలు, మధ్యలో మనిషి తల పట్టేంత గాజు మూత. మా అమ్మ చూడ్డానికి వచ్చి, చుట్టూ ఒకసారి తిరిగి, "ఇంత ఎండలో ఇంత బల్ల ఖాళీగా పెట్టారు, పోనీ వడియాలన్నా పెట్టుకోనివ్వండర్రా" అంది. అందరం నవ్వాం. మొదటి పది రోజులూ అలాగే నవ్వుతూనే గడిచాయి.

తరవాత కారు ఆగిపోవడం మొదలైంది.

సీటు వెనక పెట్టెలో నాలుగు వందల లిథియం సెల్స్ ఉంటాయి. అవి మరీ వేడెక్కితే అంటుకుంటాయి. అందుకని పెట్టెలో ఒక రిలే పెట్టాం. లోపల వేడి అరవై డిగ్రీలు దాటితే అది టక్కుమని కరెంటు తెంపేస్తుంది. కారు నిలిచిపోతుంది. చల్లారాక మళ్లీ కదులుతుంది. ఆ పెట్టె డిజైన్ నాది. చిన్నగా, ముచ్చటగా రావాలని సెల్స్‌ని ఒకదానికొకటి ఆనించి పేర్చాను. గాలి ఆడే సందు లేదు. ఆ సంగతి కారు మూడోసారి ఆగినప్పుడే నాకు అర్థమైంది, కానీ నోరు విప్పలేదు.

రోజూ మధ్యాహ్నం రెండు గంటలకి, సరిగ్గా ఊరి నడిమధ్యలో ఆగేది. మేమంతా దిగి, నెత్తిన తువాళ్లు వేసుకుని తోసుకుంటూ వచ్చేవాళ్లం. కిళ్లీకొట్టు దొరబాబు ఒకరోజు బయటికి వచ్చి మరీ అడిగాడు.

"ఏంటండీ గీతికమ్మగారూ, ఎండతో నడిచే బండి ఎండకే ఆగిపోతంది?"

కొట్టు ముందు కూర్చున్నవాళ్లు గొల్లుమన్నారు. అప్పుడే మోటారు సైకిలు మీద వస్తున్న నాన్నగారు అది విన్నారు. బండి దిగి, మాతో పాటు ఆయనా ఒక చెయ్యి వేసి షెడ్డు దాకా తోశారు. నాకు తల కొట్టేసినట్టయింది.

షెడ్డులో హర్ష నన్ను సూటిగా అడిగాడు. "పెట్టె విప్పి మళ్లీ కట్టాలా?"

కట్టాలి. పది రోజుల పని. కడితే వీడియో గడువు దాటిపోతుంది, పోటీ పోతుంది, అదంతా నా వల్లేనని అందరికీ తెలుస్తుంది.

"అక్కర్లేదు. పెద్ద ఫ్యాన్ పెడితే సరిపోద్ది" అన్నాను.

హర్ష నమ్మాడు. నాన్నగారు గుమ్మం దగ్గర చెమట తుడుచుకుంటూ నిలబడి ఉన్నారు.

"టక్కుమంటున్నది ఏదమ్మా?" అని అడిగారు.

"ఇదండి. వేడెక్కితే ఇది ఆపేస్తుందండి."

ఆయన వంగి చూశారు. "మన చెరువు మోటార్ల స్టార్టర్ పెట్టెలో ఉండేదేగా?"

"అలాంటిదేనండి" అన్నాను. చెమటలు కారుతున్నాయి, విసుగ్గా ఉంది, విడమరిచి చెప్పే ఓపిక లేదు.

ఇక్కడ చెరువుల మాట కొంచెం చెప్పాలి. మే మొదటి వారంలో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు పట్టి, గాలి స్తంభించింది. మబ్బు పడితే ఊళ్లో అందరూ అమ్మయ్య అనుకుంటారు, చెరువులున్నవాళ్లకి మాత్రం గుండెలు జారతాయి. నీళ్లలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. చెరువులో నీటిని చిలికే ఏరియేటర్లు తిరుగుతున్నంతసేపే రొయ్యలు బతుకుతాయి. ఆరోజు నేనూ కీర్తీ గట్టు మీదే ఉన్నాం. మోటారు వేడెక్కి, స్టార్టర్ ట్రిప్ అయి ఏరియేటర్లు ఒక్కసారిగా ఆగాయి. చెరువంతా నిశ్శబ్దమైపోయింది. అంచుల్లో రొయ్యలు పైకి తేలి మీసాలు ఆడించడం మొదలుపెట్టాయి.

నాన్నగారు పరుగున వచ్చి మెయిన్ దించారు. జేబులోంచి బెత్తెడు వైరు ముక్క తీసి, చివర్లు పళ్లతో ఒలిచి, ట్రిప్ చేసే రిలేకి అడ్డంగా కట్టి, నల్ల టేపు చుట్టారు. మెయిన్ ఎత్తగానే ఏరియేటర్లు మళ్లీ నీళ్లు ఎగజిమ్మాయి. మొత్తం రెండు నిమిషాలు పట్టలేదు.

"పెదనాన్నగారూ, అలా డైరెక్టు చేసేస్తే మోటారు కాలిపోదాండీ?" అంది కీర్తి.

"కాలితే కాలుద్దమ్మా. మోటారు మళ్లీ చుట్టించుకుంటాం. గంటసేపు ఆగిందంటే చెరువు చెరువంతా పోద్ది. ఈ పెట్టె మోటారుని కాపాడుకుంటది గానీ, రొయ్యని కాపాడదు."

మా చుట్టుపక్కల చెరువుల మీద అందరూ చేసేది అదే. పంట నిలబడాలంటే మోటారుని వదులుకోవాలి. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే కాబట్టి నాకేమీ వింతగా తోచలేదు. కీర్తి మాత్రం ఇంటికి వెళ్లేదాకా ఆ స్టార్టర్ పెట్టె గురించే ప్రశ్నలు వేస్తూ నా ప్రాణం తీసింది.

కొత్త ఫ్యాన్ పెట్టాక కూడా కారు రెండుసార్లు ఆగింది. గడువు ఇక నాలుగు రోజులు. పదకొండో తారీఖు మధ్యాహ్నం ఆఖరి ప్రయత్నంగా పాలకొల్లు దాకా తీసుకెళ్లాం. రెండు గంటలైంది, రెండున్నర అయింది, కారు వెళుతూనే ఉంది. పాలకొల్లు వెళ్లి, వెనక్కి తిరిగి, షెడ్డు దాకా ఎక్కడా ఆగకుండా వచ్చేసింది. జట్టంతా ఎగిరి గంతులేశారు. హర్ష నా రెండు చేతులూ పట్టుకుని ఊపేస్తూ "ఫ్యాన్ పనిచేసింది! గీతికా, నువ్వు మామూలుదానివి కాదు!" అని అరిచాడు.

వాళ్లు కొబ్బరిబోండాలకి వెళ్లారు. నేను లాప్‌టాప్ తెరిచి చూశాను. పెట్టెలో వేడి అరవై మూడు దాకా వెళ్లింది. అరవై దగ్గర తెగాల్సిన కరెంటు తెగలేదు.

పెట్టె మూత తీశాను. రిలేకి అడ్డంగా బెత్తెడు ఎర్ర వైరు. పైన నల్ల టేపు, దాని కొస లోపలికి మడిచి ఉంది, మళ్లీ పీకడానికి వీలుగా. అలా మడిచేది ఈ భూమ్మీద మా నాన్నగారు ఒక్కరే.

ఒక్క లాగు లాగితే వచ్చేసేది. టేపు కొస వేళ్లతో పట్టుకున్నాను కూడా. బయట కొబ్బరిబోండాలు కొడుతున్న చప్పుడు, కీర్తి నవ్వు వినిపిస్తున్నాయి. వైరు పీకేస్తే రేపు మళ్లీ ఊరి మధ్యలో ఆగుతుంది. ఎందుకు ఆగిందో చెప్పాలి. ఇవాళ ఎందుకు ఆగలేదో కూడా చెప్పాలి. మా నాన్నగారిని అందరి ముందూ దోషిలా నిలబెట్టాల్సి వస్తుంది అనుకున్నాను. అది నాకు నేను చెప్పుకున్న సాకు. అసలు సంగతి, నా కారు నడిచింది. అది నడుస్తూ ఉండాలి. వంద కిలోమీటర్లే కదా, వీడియో పంపేశాక తీసేద్దాం అనుకున్నాను.

మూత బిగించేశాను.

సాయంత్రం నాన్నగారు ఇంట్లో కాళ్లు కడుక్కుంటూ మొహం ఎటో పెట్టి అడిగారు. "ఇవాళ ఆగలేదు కదమ్మా?"

"లేదండి నాన్నగారూ."

ఆయన నవ్వారు. మా నాన్నగారు నవ్వడమే అరుదు. ఆ నవ్వు చూశాక నేను ఇంకేమీ అడగలేదు, ఆయనా ఇంకేమీ చెప్పలేదు.

పదమూడో తారీఖు ఉదయం తొమ్మిదిన్నరకి రాజమండ్రి శివార్లలో కారు బయల్దేరింది. హైవే మీద తుని దాకా వెళితే వంద దాటుతుంది. ముందు కారు, వెనక వ్యాను. వ్యానులో హర్ష ముందు సీట్లో, వెనక నేను లాప్‌టాప్‌తో. కారులోని అంకెలన్నీ నా తెర మీద కనిపిస్తాయి. కీర్తితో మాట్లాడ్డానికి వాకీటాకీ ఉంది. కీర్తి దారిపొడుగునా వాగుతూనే ఉంది. లారీ డ్రైవర్లు ఫోటోలు తీస్తున్నారంటుంది, ఒకాయన దణ్ణం పెట్టాడంటుంది, దాహమేస్తోందంటుంది.

జగ్గంపేట దగ్గర పెట్టెలో వేడి యాభై మూడు. కత్తిపూడి దగ్గర యాభై ఎనిమిది. ఎండ తారు మీద తెల్లగా కాస్తోంది. ఎదురుగాలి మొదలైంది. అన్నవరం కొండ కనిపించేసరికి అరవై రెండు.

అరవై నాలుగు కాగానే హర్ష వెనక్కి తిరిగి తెర చూశాడు. "అరవై నాలుగేంటి? ఆగాలి కదా?"

"సెన్సర్ నాలుగైదు ఎక్కువ చూపిస్తోంది" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం.

అన్నవరం దాటాం. వాకీటాకీలో కీర్తి గొంతు.

"అక్కా, వీపు వెనక బాగా వేడిగా ఉంది. ఏదో వాసనొస్తోంది, తియ్యగా."

ఆ తియ్యటి వాసన ఏమిటో నాకు తెలుసు. సెల్ చిట్లి లోపలి ద్రవం కారితే వచ్చే వాసన అది. పాఠంలో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. అరవై ఎనిమిది.

"ఇంకెంత దూరం?" అని హర్షని అడిగాను.

"వందకి ఇంకో ఆరు కిలోమీటర్లు."

నేను వాకీటాకీ నొక్కాను. "ఏం కాదు కీర్తీ. ఒక్క పది నిమిషాలు ఓర్చుకో."

"సరే అక్కా" అంది.

ఆ తరవాత తెర మీద డెబ్బై ఒకటి చూశాను. ఆ వెంటనే ఎనభై నాలుగు. ఆ తరవాత అంకెలు లేవు, తెర ఖాళీ అయిపోయింది. తలెత్తేసరికి కారు వెనక భాగం నుంచి తెల్లటి పొగ కుక్కర్ ఆవిరిలా చిమ్ముతోంది. "ఆపు! కీర్తీ, దిగిపో!" అని అరిచాను. అది కారుని అంచుకి తీసి ఆపింది. గాజు మూత లోపల పొగ నిండిపోయి దాని తల కనిపించలేదు, రెండు అరచేతులు మాత్రం గాజుకి ఆనుకుని కనిపించాయి. హర్ష వ్యాను ఆగకముందే దూకి పరిగెత్తాడు. మూత ఊడదీసి, చంకల కింద చేతులు వేసి దాన్ని బయటికి లాగాడు. అప్పటికే సీటు వెనక మంట లేచింది. దాని చేతులు, కుడి భుజం, మెడ కాలిపోయాయి. నేను వ్యాను తలుపు దగ్గర నిలబడిపోయాను.

తునిలో కట్టుకట్టి కాకినాడ పంపించారు. మూడు గంటలకి బాబాయిగారూ పిన్నిగారూ వచ్చారు. వాళ్ల వెనకే నాన్నగారు, చెరువు బురద చొక్కాతోనే. డాక్టరు ప్రాణానికి ఫర్వాలేదన్నాడు. చేతుల సంగతి ఇప్పుడే చెప్పలేనన్నాడు. పిన్నిగారు గోడకి జారి కూర్చుండిపోయారు.

బాబాయిగారు హర్షని అడిగారు. "ఎలా జరిగింది బాబూ? వేడెక్కితే ఆగిపోద్దని చెప్పారు కదా?"

"ఆగాలండి. రోజూ ఆగేదండి. ఇవాళే ఎందుకు ఆగలేదో తెలీట్లేదండి."

నాన్నగారు కదల్లేదు. నేను ఆయన వైపు చూడకుండా నేల చూస్తున్నాను.

"బుచ్చీ, నేనేరా" అన్నారు నాన్నగారు. "ఆగకూడదని నేనే వైరు కట్టేను. నలుగురిలో పిల్లలు చిన్నబోతన్నారని. వీడియో పంపేశాక చెబుదామనుకున్నాను."

బాబాయిగారికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ఆయన చెయ్యి పైకి లేచింది. అన్నగారి ముందు గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి. లేచిన చెయ్యి అలాగే దించేసుకున్నారు.

"చెరువనుకున్నావా అన్నయ్యా? లోపల పిల్ల ఉందన్నయ్యా" అన్నారు.

నాన్నగారు తల ఊపారు. తరవాత నా భుజం మీద చెయ్యి వేసి, అందరికీ వినపడేలా చెప్పారు. "గీతికకేం తెలీదు. దానికి చెప్పకుండా కట్టేను. దాన్నేమీ అనకండి."

అప్పుడు చెప్పాలి నేను. నోటి దాకా వచ్చింది కూడా. పిన్నిగారు నేల మీద కూర్చునే నా చెయ్యి అందుకుని, "నువ్వు చూసుకుంటానన్నావు కదమ్మా, నీకు చెప్పకుండా ఎంత పని చేశారో చూడు" అని నా అరచేతిలో మొహం పెట్టుకుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఏడుస్తున్న మనిషిని ఎవరూ ఏమీ అడగరు.

కాలేజీ వాళ్ల విచారణలో నాన్నగారు అదే చెప్పారు. వ్యానులో నేను చెప్పిన సెన్సర్ మాట హర్ష ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో నేను అడగలేదు. ఆ తరవాత అతను నాతో మాట్లాడలేదు. మా రెండిళ్ల పెరళ్ల మధ్య ఉన్న దారిని బాబాయిగారు రేకులు కొట్టించి మూసేశారు. నాన్నగారు చెరువులు కౌలుకి ఇచ్చేసి ఇంటిపట్టునే ఉంటున్నారు. ఊళ్లో ఎవరైనా పలకరిస్తే, "నా చేతులతో నేనే చేశానండి" అని వాళ్లు అడగకపోయినా చెబుతారు. అమ్మ లోపలికి పిలిచి తలుపేస్తుంది.

నన్ను మాత్రం ఆ ఇంట్లోకి రానిస్తారు. వీధి చుట్టూ తిరిగి వెళతాను. కీర్తి రెండు చేతులకీ కట్లు, అన్నం ఎవరైనా తినిపించాలి. మధ్యాహ్నం వంతు నాది.

జూన్ నెలాఖరున, తొలకరి పడ్డ రోజు. పిన్నిగారు పప్పుచారూ అన్నం గిన్నెలో కలిపి నా చేతికిచ్చి వంటింట్లోకి వెళ్లారు. మంచం పక్కన కూర్చుని నాలుగు ముద్దలు పెట్టాను. కీర్తి నములుతూ కిటికీలోంచి వాన చూస్తోంది. పొగ వల్ల దాని గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"అక్కా, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోవు కదా?"

"అడుగు."

"ఆ వైరు నువ్వు ముందే చూశావా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. పిన్నిగారు వింటున్నారో, ఊరికే ఆగారో తెలియదు.

"లేదు" అన్నాను.

కీర్తి నా వైపు తిరిగి నవ్వింది. మెడ దగ్గర కాలిన చర్మం లాగి, ఆ నవ్వు ఒకవైపే వచ్చింది.

"నేనూ అమ్మకి అదే చెప్పాను. అక్క చూసుంటే నన్ను ఎక్కనిచ్చేదే కాదని."

ఆ మాట అని, ఇంకో ముద్ద కోసం నోరు తెరిచింది. నేను పెట్టాను.